ఇసుక ఆపుతుంది, గతుకు విరుస్తుంది: టూ వీల్ డ్రైవ్ క్యాంపర్ వ్యాన్‌తో ఆస్ట్రేలియా మట్టిరోడ్ల మీద

మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉండే మనవాళ్లు సెలవులకు లోపలే మంచం, వంటగది ఉండే క్యాంపర్ వ్యాన్ అద్దెకు అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది టయోటా హైఏస్ లాంటి టూ వీల్ డ్రైవ్ బండే, అంటే ఇంజన్ రెండు చక్రాలనే తిప్పే బండి. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ డ్రైవ్ క్యాంపర్ అద్దె బాగా ఎక్కువ. అప్పుడు మొదలవుతుంది అసలు చర్చ: దీంతో తారు దిగొచ్చా, దిగకూడదా? ఒక జట్టు ససేమిరా వద్దంటుంది. ఇంకో జట్టు, వెనకటికి మామూలు కార్లతోనే ఎడారులు దాటారు కదా అంటుంది. రెండు జట్లూ మూడు వేర్వేరు సమస్యల్ని ఒకే మూట కట్టి మాట్లాడుతుంటాయి.

మెత్తటి ఇసుక బండిని ఆపేస్తుంది. అలలు కట్టిన గట్టి మట్టిరోడ్డు బండిని విరగ్గొడుతుంది. తడిసిన బంకమట్టి బండిని దారి తప్పించి పక్కకు ఈడ్చేస్తుంది. నాలుగు చక్రాలూ లాగడం మొదటిదానికి బాగా పనికొస్తుంది, మూడోదానికి కొంత పనికొస్తుంది. రెండోదానికి ఇసుమంత కూడా అక్కరకు రాదు. ఆస్ట్రేలియా లోపలి భాగంలో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఆ రెండోదే. అందుకే "ఫోర్ వీలా, టూ వీలా" అనే ప్రశ్నతో మొదలుపెడితే సగం విషయం చేజారిపోతుంది.

ఇసుకలో లెక్క ఎక్కడ తప్పుతుంది

ముందు ఇసుక సంగతి. మనుషులు, నీళ్లు, సామాను ఎక్కాక వ్యాన్ బరువు 2,800 కిలోలు అనుకుందాం. మంచి తారురోడ్డు మీద అది దొర్లడానికి కావలసిన తోపు బరువులో ఒక శాతం పైచిలుకు, అంటే సుమారు 35 కిలోల బలం. మెత్తటి పొడి ఇసుకలో అదే 20 శాతానికి పోతుంది. 560 కిలోలు కావాలి. టైరు దొర్లడం మానేసి, ముందున్న ఇసుకను తోసుకుంటూ, తను తవ్వుకున్న గుంతలోంచి తనే ఎక్కుతూ పోవాలి మరి.

ఇప్పుడు ఆ బలం ఎక్కడినుంచి వస్తుందో చూడండి. హైఏస్‌లో లాగేవి వెనక చక్రాలు. క్యాంపర్‌గా మార్చాక బరువులో 55 శాతం వెనక పడిందనుకుంటే 1,540 కిలోలు. పొడి ఇసుకలో టైరు పట్టు తన మీదున్న బరువులో 40 శాతం దాకా ఉంటుందనుకుంటే చేతికొచ్చేది 615 కిలోలు. కావలసింది 560, ఉన్నది 615. ఇరవై మీటర్లకు ఒక మీటరు లేచే చిన్న ఎత్తు వచ్చినా మరో 140 కిలోలు కావాలి. అక్కడితో కథ అయిపోయింది. ఇంజన్‌లో 150 గుర్రాల బలం ఉందా, 200 ఉందా అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాలేదని గమనించండి.

ఫియట్ డుకాటో లాంటి ముందు చక్రాలు లాగే వ్యాన్‌కు ఇంకా కష్టం. మంచం, వంటగది, నీళ్ల ట్యాంకు అన్నీ వెనకే బిగిస్తారు. ముందు 45 శాతమే మిగిలితే 1,260 కిలోల మీద వచ్చే పట్టు 504. చదును ఇసుకలో ఒకసారి ఆగితే తనంతట తను కదల్లేదు. నాలుగు చక్రాలూ లాగితే అదే ఇసుకలో 1,120 కిలోలు. ఇసుకను బట్టి ఈ అంకెలు మారతాయి గానీ నిష్పత్తి మారదు. సూర్యలంక బీచ్‌లో దిగబడే కార్లకూ ఇదే సూత్రం: వెనక చక్రాలు లాగే ఇన్నోవా క్రిస్టా, నిండా మనుషులుంటే, ముందు చక్రాల కార్ల కంటే నాలుగు అడుగులు ఎక్కువే పోతుంది. అంతమాత్రాన బయటికి వస్తుందని కాదు.

మీ చేతిలో ఉన్నది టైరులో గాలి. దాన్ని తగ్గిస్తే టైరు నేలకు ఆనే మేర పొడవునా పెరుగుతుంది. వెడల్పు పెద్దగా పెరగదు. టైరు తక్కువ దిగుతుంది కాబట్టి తొయ్యాల్సిన ఇసుక తగ్గి, పట్టు పెరుగుతుంది. పై లెక్కలో రెండు వైపులా లాభమే. నిండు క్యాంపర్‌లో తారు మీద 45 నుంచి 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా నడిచే బరువు టైర్లను ఇసుకలో 20 దగ్గరికి తేవాలి. ముందు టైర్ల మీద భారం తక్కువైతే వాటిని 18కి దించొచ్చు. కూరుకుపోయాక 15 దాకా పోవచ్చు. అంతకంటే దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. 20 పీఎస్ఐలో వేగం 30, 40 కిలోమీటర్లు దాటకూడదు. ఎందుకంటే గాలి తగ్గిన టైరు గోడలు ప్రతి చుట్టుకూ మడతపడి వేడెక్కుతాయి. తారు ఎక్కేముందు తిరిగి గాలి కొట్టాల్సిందే. కాబట్టి కంప్రెసర్ లేకుండా గాలి తీయడమంటే తిరుగు దారి మూసుకోవడమే. సిగరెట్ సాకెట్‌లో గుచ్చే బుల్లి కంప్రెసర్లు ఇంత పెద్ద టైర్లకు ఆపసోపాలు పడతాయి, ఫ్యూజు కూడా కొట్టేస్తాయి. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించేది కొనండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి కొట్టండి.

ఒక చక్రం తిరుగుతూ, ఇంకోటి నిలబడి

టూ వీల్ డ్రైవ్ అంటాం గానీ, చాలా వ్యాన్లలో ఉండే మామూలు డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని కుడి, ఎడమ చక్రాలకు పంచే గేర్ల పెట్టె) రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలమే ఇస్తుంది. ఎడమ చక్రం గుల్ల ఇసుకలో పడి పట్టు పోగొట్టుకుంటే, కుడి చక్రం గట్టినేల మీదున్నా దానికందేది ఎడమదానికి సరిపోయినంతే. అందుకే ఒక చక్రం గిరగిరా తిరుగుతుంటే రెండోది చూస్తూ నిలబడుతుంది.

చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఈ జబ్బుకు మందే, కానీ దానిలో రెండు పనులున్నాయి. జారుతున్న చక్రానికి బ్రేకు వేసి బలాన్ని అవతలి చక్రానికి మళ్లించడం మంచిది. చక్రం జారగానే ఇంజన్ గొంతు నొక్కడం మాత్రం ఇసుకలో ప్రాణాంతకం. ఊపు మీద పోవాల్సిన చోట ఊపే పోతుంది. ఇసుకలోకి దిగేముందు ఆ బటన్‌ను ఆఫ్ చేయండి. కూరుకుపోయి మెల్లగా బయటికి రావాల్సినప్పుడు మళ్లీ ఆన్ చేసి చూడండి. వెనక చక్రాలు లాగే పాత వ్యాన్లలో హ్యాండ్ బ్రేకును రెండు మూడు పళ్లు లాగి మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే ఇలాంటి ఫలితమే కొంతవరకు వస్తుంది. ముందు చక్రాల బండికి ఈ చిట్కా పనిచేయదు. హ్యాండ్ బ్రేకు ఉండేది వెనక చక్రాలకు.

నడిపే తీరు విషయానికొస్తే, ఇసుక కనబడకముందే గేరు ఎంచుకోవాలి. రెండో గేరు, లేదా చదునుగా ఉంటే మూడోది. ఆటోమేటిక్ అయితే లివరుతో రెండులో కట్టేయండి. మధ్యలో గేరు మార్చడానికి క్లచ్చు నొక్కిన ఆ ఒక్క క్షణంలోనే బండి సగం వేగం పోగొట్టుకుంటుంది. ముందు పోయిన బండ్ల చాళ్లలోనే పోండి, అక్కడ ఇసుక కొంత అణిగి ఉంటుంది. ఆగాలంటే బ్రేకు కొట్టకుండా దానంతట దాన్ని ఆగనివ్వండి. బ్రేకు కొడితే నాలుగు టైర్ల ముందూ నాలుగు చిన్న గట్లు లేస్తాయి, కదిలేటప్పుడు వాటినే దాటాలి. పల్లం వైపు ముక్కు పెట్టి ఆపండి. తెల్లవారుజామున చల్లగా, కాస్త తేమగా ఉండే ఇసుక మధ్యాహ్నానికి పొడిబారి గుల్లవుతుంది. పొద్దున సులువుగా వెళ్లిన దారిలోనే సాయంత్రం దిగబడేది ఇందుకే.

దిగబడ్డాక

బండి నీరసించి ఆగబోతున్నట్టు అనిపించగానే యాక్సిలరేటర్ వదిలేయండి. ఆ తర్వాత తొక్కే ఒక్కో సెకనుకూ చక్రం ఇంకా లోతుకు దిగి, చివరికి బండి పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది. అప్పుడు బరువును ఇసుకే మోస్తుంది, చక్రాలకు పట్టు సున్నా.

అందరూ దిగాలి. గాలి 15కి తీయాలి. తర్వాత పార తీసుకుని ముందుగా పొట్ట కింద, డిఫరెన్షియల్ గుండు చుట్టూ, స్టెప్నీ కింద ఆనిన ఇసుక లాగేయాలి. ఆ తర్వాత నాలుగు చక్రాలకూ, లాగని వాటికి కూడా, బండి వెళ్లాల్సిన వైపు వాలుగా దారి తవ్వాలి. వాలు ఎంత పొడవుగా, ఎంత పల్చగా ఉంటే అంత మేలు. చాలామంది లాగే చక్రాల దగ్గరే గోకి వదిలేస్తారు. ముందు టైర్లు ఎదురుగా గోడలా నిలబడ్డ ఇసుకను ఎలా ఎక్కుతాయి?

దాదాపు ఎప్పుడూ వెనక్కి రావడమే తేలిక. వచ్చిన చాళ్లు అప్పటికే అణిగి ఉన్నాయి, అటు నేల గట్టిదని మీకు తెలుసు. మాక్స్‌ట్రాక్స్ లాంటి ప్లాస్టిక్ పలకలుంటే లాగే చక్రాల కిందే పెట్టాలి: హైఏస్‌కు వెనక, డుకాటోకు ముందు. పలక కొస టైరు కిందకి గట్టిగా దూరాలి. యాక్సిలరేటర్ మెల్లగా, చక్రం పలక మీద తిరక్కుండా ఇవ్వాలి. తిరిగితే ప్లాస్టిక్ పళ్లు కరిగిపోతాయి, పలక వెనక్కి ఎగురుతుంది కూడా. వెనక ఎవరూ నిలబడకూడదు.

బండితో ఇచ్చే జాకీ ఇసుకలో పైకి లేవదు, తనే కిందికి దిగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను 30 సెంటీమీటర్ల చదరంగా కోసి వెంట పెట్టుకోండి. జాకీ మీదున్న బండి కిందకి మనిషి దూరకూడదు.

ఎవరైనా లాగుతామని వస్తే తాడు ఎక్కడ కట్టాలో ముందే తెలిసుండాలి. బంపర్‌లో మర బిగించే కొక్కెం చదునురోడ్డు మీద మెల్లగా లాక్కెళ్లడానికి, ఇసుకలోంచి గుంజడానికి కాదు. ట్రెయిలర్ తగిలించే గుండుకు తాడు కట్టి గుంజొద్దు. అది తెగి దూసుకొచ్చి ఆస్ట్రేలియాలో మనుషులు చనిపోయారు. సరైన కట్టు చోటు లేని వ్యాన్‌కు మొదటి సాధనం పారే, ఎదుటి బండి ఎంత బలమైనదైనా సరే. పొట్ట కింద ఇసుక తీశాక మామూలు తాడుతో మెల్లగా లాగినా వచ్చేస్తుంది.

రేకు లాంటి రోడ్డు

ఇక అసలు శత్రువు. గట్టి మట్టిరోడ్డు మీద అడ్డంగా, వరసగా, సిమెంటు రేకు పరిచినట్టు లేచే గతుకులను అక్కడ కరుగేషన్ అంటారు. ఇవి బండ్ల స్ప్రింగుల ఎగుడుదిగుడు వల్ల పుడతాయని చాలాకాలం అనుకున్నారు. 2007లో కేంబ్రిడ్జ్, టొరంటో భౌతికశాస్త్రవేత్తలు ఇసుక పళ్లెం మీద చక్రాన్ని దొర్లించి చూస్తే, స్ప్రింగు లేని గట్టి చక్రం కింద కూడా అలలు లేచాయి. వేగం ఒక హద్దు దాటితే చాలు. ఆ హద్దు ఎంత తక్కువంటే రోడ్డు మీద ఏ బండీ దానికంటే నిదానంగా పోదు. గ్రేడర్‌తో చదును చేసిన కొద్ది వారాలకే మళ్లీ మొదటికి రావడం అందుకే.

అలకూ అలకూ దూరం 75 సెంటీమీటర్లనుకుందాం. గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంలో చక్రానికి సెకనుకు 11 నుంచి 15 దెబ్బలు. సరిగ్గా ఆ మధ్యే చాలా బండ్ల చక్రం, ఇరుసు తమంతట తాము ఊగే సహజ వేగం కూడా ఉంటుంది. రెండూ కలిసినప్పుడు బండి ఊడిపోతుందేమో అన్నంతగా అదురుతుంది. 80కి పోతే సెకనుకు 30 దెబ్బలు. చక్రానికి పల్లంలోకి దిగే తీరికే ఉండదు, శిఖరాల మీదుగా తేలిపోతుంది. హాయిగా ఉంటుంది కూడా. ఫోర్ వీల్ డ్రైవ్ వాళ్లు 80లో పొమ్మని చెప్పేది ఇందుకే.

వ్యాన్‌కు ఆ సలహా ప్రమాదకరం. తేలే చక్రం నేలను సగం సమయమే తాకుతుంది, కాబట్టి బ్రేకూ స్టీరింగూ కూడా సగమే. ఎత్తైన, పైబరువున్న వ్యాన్ ఆ స్థితిలో మలుపు తిరిగితే, లేక కంగారూకు తప్పుకోబోతే, దొర్లిపోతుంది. మా లెక్కలో తిన్నగా, చూపు దూరం ఆనే రోడ్డయితే 60 దాకా, మలుపులుంటే 20 కంటే కింద. మధ్యలో ఉన్న 30, 40 వద్దే వద్దు. 20లో వంద కిలోమీటర్లంటే అయిదు గంటలు. ఆ సమయం మీ దగ్గర లేకపోతే ఆ దారి మీది కాదు.

ఇక్కడా గాలి తగ్గించాలి, కానీ ఇసుకలో అంత కాదు. తారు మీద ఉంచే దానిలో పాతిక శాతం లోపే తగ్గించాలి. సరిపోయిందా లేదా అన్నదానికి ఒక కొలత ఉంది: చల్లగా ఉన్నప్పుడు చూసిన గాలికీ, అరగంట నడిపాక చూసినదానికీ తేడా బరువు టైర్లకు సుమారు 6 పీఎస్ఐ ఉండాలి. అంతకంటే ఎక్కువ పెరిగితే టైరు మడతపడి ఉడుకుతోందని అర్థం. వేగమన్నా తగ్గించాలి, గాలన్నా పెంచాలి.

ముందుగా చచ్చేది షాక్ అబ్జార్బర్. అలల శక్తినంతా నూనెలో వేడిగా మార్చడమే దాని పని. నూనె కాగి పల్చబడితే సీలు కారుతుంది, బండి పడవలా ఊగడం మొదలెడుతుంది. అరగంట, నలభై నిమిషాలకోసారి ఆగండి. నీళ్లు పోసి చల్లార్చొద్దు, చేత్తో ముట్టుకోవద్దు. ఆగినప్పుడు ఒక చుట్టు తిరగండి: చక్రాల నట్లు, పైకప్పు సోలార్ పలక బ్రాకెట్లు, నంబరు ప్లేటు, బ్యాటరీ టెర్మినళ్లు.

ఆ తర్వాత లోపలికి తొంగి చూడండి. వ్యాన్‌లో ఉన్న వంటిల్లు వడ్రంగి పని, కారు పని కాదు. చెక్కపొట్టు అతికించిన బోర్డుల్లో దిగిన స్క్రూలు సెకనుకు పన్నెండు దెబ్బలకు గాడి పెద్దది చేసుకుని ఊడొస్తాయి. ముందు మైక్రోవేవ్ బిగింపు, తర్వాత ఫ్రిజ్ తలుపు కొక్కెం, ఆ తర్వాత డ్రాయర్లు. సొరుగుల్లో సీసాలు, ప్లేట్ల మధ్య తువ్వాళ్లు దూర్చండి. సీసాలో ఉన్న పచ్చళ్లు ఇంటిదగ్గరే ప్లాస్టిక్ డబ్బాల్లోకి మారిస్తే మంచిది. గోంగూర నూనె పరుపు మీద కారితే అద్దె కంపెనీకి ఏ సాకూ చెప్పలేరు. గ్యాస్ గొట్టాల రాగి కీళ్లు అదురుకు వదులవుతాయి, అందుకని నడిచేటప్పుడు సిలిండర్ వాల్వు కట్టేసి ఉండాలి. ఊరు చేరి తెరిచాక పొయ్యి ముట్టించేముందు కీళ్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగలు చూడండి. కింద వేలాడే వాడిన నీళ్ల ట్యాంకు, దాని కుళాయి, మెట్టు కూడా చూడాలి. సామాను ఎక్కించాక టేపుతో నేలకూ కింద వేలాడే వాటికీ మధ్య అతి తక్కువ ఎత్తు కొలిచి గుర్తుంచుకోండి. ల్యాండ్ క్రూజర్లు తొక్కిన దారుల్లో మధ్యన లేచే గట్టు అక్కడే తగులుతుంది. గట్టు ఎత్తుగా కనబడితే ఒక చక్రం గట్టు మీద, రెండోది రోడ్డు అంచున పెట్టి పోవాలి.

ఉత్తరాన, నడుమ ఎడారుల్లో ఆ గట్టు మీద స్పినిఫెక్స్ గడ్డి పెరుగుతుంది. జిడ్డున్న ఎండుగడ్డి. పొట్ట కింద సైలెన్సరు చుట్టూ కుక్కుకుని అంటుకుని బండ్లు కాలిపోయాయి. గడ్డి తగిలిన ప్రతిసారీ దిగి వంగి చూసి, తీగతో లాగేయాలి.

బంకమట్టి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వానలో కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడి పొలం దారిలో బండి నడిపినవాళ్లకు తెలుసు. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ నల్లమట్టి మైదానాలు కూడా అదే జాతి నేల. టైరు గాడులు మూసుకుపోయి చక్రం నున్నటి గుండవుతుంది. ఎండేదాకా ఆగడమే మందు. రోడ్డు మూసేశామన్న బోర్డు దాటితే జరిమానా కూడా పడుతుంది.

ఏ దారి, ఏ కాగితం

దేశం నడుమ ఎడారిలో ఉన్న పెద్ద ఎర్ర బండ ఉలూరు చూడాలనుకునేవాళ్లు తరచూ అనవసరంగా భయపడతారు. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఉలూరుకు, అక్కడినుంచి 300 కిలోమీటర్ల పైన ఉన్న కింగ్స్ కాన్యన్‌కు మొత్తం తారే. కింగ్స్ కాన్యన్ నుంచి హెర్మన్స్‌బర్గ్ వైపు పోయే మెరీనీ దారి మాత్రం కరుగేషన్‌కు పేరుమోసింది, దానికి అనుమతి పత్రం కూడా కావాలి. తారు మీదే వెనక్కి తిరిగి రండి. 42,000 ఏళ్ల నాటి మనుషుల అవశేషాలు దొరికిన మంగో నేషనల్ పార్కు మిల్డూరా పట్టణానికి 110 కిలోమీటర్లు. పొడిగా ఉన్నప్పుడు టూ వీల్ డ్రైవ్ పోతుంది, వాన పడితే దారి మూసేస్తారు. లోపల పెట్రోలు, తిండి దొరకవు, పైగా పార్కు చుట్టు దారే 70 కిలోమీటర్లు. ఇక క్వీన్స్‌లాండ్ తీరంలోని ఇసుక దీవి క్గారీ, పాత పేరు ఫ్రేజర్ దీవి, పూర్తిగా ఫోర్ వీల్ డ్రైవ్‌కే. అక్కడ వాదనకు తావు లేదు.

అద్దె బండయితే పై విద్యలన్నిటికంటే ముందు ఒప్పందం చదవాలి. టూ వీల్ డ్రైవ్ క్యాంపర్లకు మట్టిరోడ్డు మీద బీమా వర్తించదని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. గుర్తింపు ఉన్న క్యాంపు స్థలానికి పోయే 12 కిలోమీటర్ల లోపు మంచి దారి లాంటి మినహాయింపు మాత్రమే ఇస్తారు. "జీరో ఎక్సెస్" (నష్టంలో మన వాటా లేకుండా చేసే అదనపు రక్షణ) డబ్బు కట్టినా పొట్టకూ, పైకప్పుకూ తగిలిన దెబ్బలు, ఇతర బండ్ల ప్రమేయం లేకుండా దొర్లిపోవడం విడిగా ఉంచేస్తారు. మనకు జరిగే అవకాశమున్నవి సరిగ్గా అవే. ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే, రిజిస్ట్రేషన్ చేసిన అత్యవసర బీకన్, రోడ్డు మీది బండ్లవాళ్లు మాట్లాడుకునే 40వ ఛానల్ వినగల యూహెచ్ఎఫ్ రేడియో, మనిషికి రోజుకు కనీసం అయిదు లీటర్ల తాగునీరు, దానికి తోడు రెండు మూడు రోజుల అదనం ఉండాలి. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండాలి, నడిచి పోకూడదు. ఆకాశం నుంచి వెతికేవాళ్లకు మనిషి కంటే వ్యాన్ ముందు కనబడుతుంది.

సొంత బండయితే ఇంటికొచ్చాక ఇంకో పూట పని ఉంది. గాలి ఫిల్టరు తీసి చూడండి, మూతకు లోపలి వైపు ఎర్రధూళి ఉంటే మార్చేయండి. బీచ్ దాకా పోయి ఉంటే పొట్ట కింద మంచినీళ్లతో బాగా కడగండి, ఉప్పు బ్రేకు గొట్టాల కొక్కేల దగ్గర దాక్కుంటుంది. వెనక డ్రమ్ము బ్రేకులుంటే విప్పించి లోపలి దుమ్ము తుడిపించండి. షాక్ అబ్జార్బర్ల ఒంటి మీద నూనె జాడ కనబడితే, కారింది ఒక్కటే అయినా, జతగా మార్చాలి.